తక్కువ ధర రకాలు తెచ్చిన పెద్ద గడియారాల కంపెనీల పేరు పలచబడుతుందా? అల్లుడికి వాచీ కొనే ముందు ఒక సందేహం

పటమటవాసి (విజయవాడ):

1991లో పెళ్ళిపీటల మీద మా మామగారు నా చేతికి పెట్టిన హెచ్.ఎం.టి. గడియారం ఇప్పటికీ నడుస్తోంది. ఆ రోజుల్లో మా కార్యాలయంలో మరో నలుగురైదుగురి చేతులకు అదే గడియారం ఉండేది. దానివల్ల నాది తక్కువైందని నాకు ఒక్కనాడూ అనిపించలేదు. అటువంటి నాకు ఇప్పుడీ సందేహం ఎందుకు వచ్చిందో కొంచెం వివరంగా చెబుతాను.

పిల్లల చదువులు పూర్తయ్యాక, ఎన్నో ఏళ్ళుగా విడిగా దాచుకున్న డబ్బుతో 2019లో హైదరాబాదు వెళ్ళి, కీ ఇచ్చి నడిపే స్విస్ గడియారం ఒకటి కొనుక్కున్నాను. కంపెనీ పేరు ఇక్కడ అవసరం లేదు. కొన్నేళ్ళకు ఆ కంపెనీయే, ఆ పేరుతోనే, దూరం నుంచి చూస్తే అలాగే కనిపించే బ్యాటరీ గడియారాన్ని నాకు పడిన ధరలో పదో వంతుకు విడుదల చేసింది. మొన్న కానూరులో ఒక పెళ్ళి విందులో, ఇంజనీరింగు చదువుతున్న మా బంధువుల అబ్బాయి నా చెయ్యి చూసి, "మామయ్యా, మీరూ ఆ కొత్త రకం తీసుకున్నారా? మా హాస్టల్లో ఇద్దరికి ఉంది" అని ఎంతో సంతోషంగా అడిగాడు. వాడి మాటలో తప్పేమీ లేదు. అయినా ఆ రాత్రి ఇంటికి వచ్చి గడియారం విప్పి బీరువాలో పెడుతున్నప్పుడు మనసు చివుక్కుమంది.

వచ్చే మాఘమాసంలో మా అమ్మాయి పెళ్ళి. అల్లుడికి ఒక మంచి గడియారం పెట్టాలని, అది అతని తరువాత అతని పిల్లల చేతికి కూడా వెళ్ళేటట్టు ఉండాలని నా కోరిక. నాలుగు లక్షల రూపాయల వరకు పెట్టగలను. చౌక రకాలు తెచ్చిన కంపెనీల జోలికే వెళ్ళవద్దని మా బావమరిది అంటున్నాడు. ఎదుటివాళ్ళు ఏం పెట్టుకున్నారన్న దానితో మనకేం పనని మా అమ్మాయి అంటోంది. ఇద్దరి మాటలోనూ కొంత నిజం కనిపిస్తోంది గనుక తెలిసినవారిని అడుగుతున్నాను. అరుదుగా దొరకడమే గొప్పగా పెరిగిన పేరు అందరికీ అందుబాటులోకి వస్తే నిజంగా పలచబడుతుందా? పలచబడేటట్లయితే, కొనేవాడు ఆ సంగతిని ముందుగా గుర్తుపట్టడం ఎలా?

గవర్నరుపేట మెకానిక్:

అయ్యా, మా నాన్నగారి కాలం నుంచి మాది గడియారాల మరమ్మతు పనే. పేరు సంగతి చదువుకున్నవారు చెబుతారు, నేను మూత తీస్తే లోపల కనిపించేది మాత్రం చెప్పగలను.

ఇటువంటి చౌక రకాల్లో అందరికీ తెలిసినది ఖరీదైన స్విస్ గడియారాల కంపెనీ ఒమేగా, చౌక ప్లాస్టిక్కు గడియారాలకు పేరుపడ్డ స్వాచ్ కలిసి 2022 మార్చి 26న విడుదల చేసినది. ఒమేగా స్పీడ్‌మాస్టర్ 1957లో వచ్చిన గడియారం. నాసా దాన్ని 1965లో పరీక్షించి వ్యోమగాములకు ఎంపిక చేసింది, 1969లో చంద్రుడి మీద ఆల్డ్రిన్ చేతికి ఉన్నది అదే. ఆ ముఖాన్నే తీసుకుని, సూర్యుడు, చంద్రుడు, గ్రహాల పేర్లతో పదకొండు రకాలు చేసి, అమెరికాలో 260 డాలర్లకు అమ్మారు. ఊరూరా దుకాణాల ముందు జనం బారులు తీరారు, ఆ ఏడాదిలోనే పది లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. దాని కేసు, అంటే బయటి తొడుగు, మూడింట రెండు వంతులు సిరామిక్ పొడి, మిగిలిన వంతు ఆముదం నుంచి తీసిన ప్లాస్టిక్కు. మన మెట్ట పొలాల్లో పండే ఆముదమే. లోపల బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ మిషను.

అసలు స్పీడ్‌మాస్టర్ మూత తీస్తే లోపల కనిపించేది వేరే ప్రపంచం. స్ప్రింగు బిగుసుకున్న బలాన్ని చక్రాలు ఒకదానికొకటి అందించుకుంటూ పోవడం, మీట నొక్కగానే ఆగి ఉన్న చక్రాలు కదలడం కంటితో చూడవచ్చు. ప్రతి భాగాన్నీ విప్పి, కడిగి, నూనె వేసి, అరిగినది మార్చి మళ్ళీ బిగించవచ్చు. ఇక్కడ ఒక విషయం చెప్పాలి. ఆ ఖరీదైన గడియారం ముందు భాగాన ఉండే అద్దం కొన్ని రకాల్లో గాజు కాదు, హెసలైట్ అనే ఒక రకం ప్లాస్టిక్కు. దెబ్బ తగిలినా ముక్కలై చెదిరిపోకూడదని దాన్ని పెట్టారు. కాబట్టి ప్లాస్టిక్కు ఉన్నదంటే చౌక, లోహం ఉన్నదంటే ఖరీదు అని లెక్క వేసుకోకూడదు. ఏ వస్తువును ఎందుకు ఎక్కడ వాడారో చూడాలి.

2023లో బ్లాంపా అనే మరో ఖరీదైన స్విస్ కంపెనీ, స్వాచ్ కలిసి తెచ్చినది 400 డాలర్ల గడియారం. దానికి బ్యాటరీ లేదు, చెయ్యి కదలికతో తనంతట తానే కీ పడే మిషను ఉంది. కానీ ఆ మిషను 51 భాగాలతో యంత్రాలు పూర్తిగా కూర్చేది, నాలాంటివాడు విప్పి బాగుచేయడానికి తయారైనది కాదు. మీ మనవడి చేతికి వెళ్ళాలన్నారు గనుక నా దృష్టిలో మీ ప్రశ్నకు ఇదే కొలత: నలభై ఏళ్ళ తరువాత ఎవరో ఒక మెకానిక్ దాన్ని విప్పగలడా, లేదా? మీ హెచ్.ఎం.టి. సంగతే చూడండి. 1961లో జపాను సిటిజన్ సహకారంతో బెంగళూరులో మొదలైన ఆ గడియారాల కంపెనీని మూసివేయాలని 2016లో ప్రభుత్వం నిర్ణయించింది. అయినా మీ గడియారం నడుస్తున్నదంటే దాని లోపలి భాగాలు విప్పి బిగించడానికి వీలుగా చేసినవి కావడమే కారణం.

నేను చూసిన మరొక సంగతి. గల్ఫులో పనిచేసి వచ్చినవారి ఇళ్ళ నుంచి రోలెక్స్ వారి తక్కువ ధర బ్రాండైన ట్యూడర్ పాత గడియారాలు అప్పుడప్పుడు మా దుకాణానికి వస్తుంటాయి. డయలు మీద ట్యూడర్ అని ఉంటుంది. కీ తిప్పే బొడిపె మీద మాత్రం రోలెక్స్ కిరీటం గుర్తు, వెనుక మూత మీద అసలైన ఆయిస్టర్ (నీరు చొరని) కేసు రోలెక్స్ వారిదని చెక్కిన అక్షరాలు ఉంటాయి. లోపల మిషను బయటి కంపెనీది. కేసులో రాజీ పడలేదు, మిషనులో ఖర్చు తగ్గించారు, డయలు మీద తమ పెద్ద పేరు వేయలేదు. ఇది ఎంత ఆలోచించి చేసిన పనో అటువంటి గడియారం చేతిలో పెట్టుకుని చూస్తేనే అర్థమవుతుంది.

అరండల్‌పేట అధ్యాపకుడు (గుంటూరు):

మెకానిక్ గారు చివర చెప్పిన మాటను నేను అందుకుంటాను, ఎందుకంటే అసలు కీలకం అక్కడే ఉంది. ఇరవై ఏళ్ళకు పైగా వాణిజ్యశాస్త్రం బోధిస్తున్నాను, ఈ విషయం మీద తరగతిలో ఎక్కువ సమయం గడుపుతాను.

రోలెక్స్ స్థాపకుడు హాన్స్ విల్స్‌డార్ఫ్ ట్యూడర్ పేరు 1926లోనే నమోదు చేయించి, 1946లో దానికి విడిగా కంపెనీ పెట్టాడు. తక్కువ ధరకు అమ్మాలని నిర్ణయించుకున్నాడు, కానీ అమ్మడానికి వేరే పేరు పుట్టించాడు. నమ్మకాన్ని అరువిచ్చాడు, పేరును ఇవ్వలేదు. ఆ రెంటికీ మధ్య తేడా గ్రహించనివారు ఎలా నష్టపోయారో అమెరికా కార్ల చరిత్రలో కనబడుతుంది. 1930ల ఆర్థికమాంద్యంలో ధనికుల కార్లు అమ్ముడుపోక ప్యాకార్డ్ కంపెనీ 1935లో వన్ ట్వంటీ అనే కారును వెయ్యి డాలర్ల ప్రాంతంలో తెచ్చింది. అది విపరీతంగా అమ్ముడై కంపెనీని ఆ గండం నుంచి గట్టెక్కించింది, సందేహం లేదు. కానీ దాని మీద ఉన్నది ప్యాకార్డ్ పేరే. మాంద్యం తొలగి, డబ్బున్నవారు తిరిగి ఖరీదైన కారు వెతుక్కునే రోజు వచ్చేసరికి, ఆ పేరు మధ్యతరగతి పేరు అయిపోయింది, ఆ స్థానంలో క్యాడిలాక్ కూర్చుంది. అదే క్యాడిలాక్ వారు 1927లోనే తమకంటే తక్కువ ధర కారును లాసాల్ అనే వేరే పేరుతో తెచ్చి, అవసరం తీరాక 1940లో ఆపేశారు. లాసాల్ పోయింది, క్యాడిలాక్ నిలిచింది. ప్యాకార్డ్ చివరి కారు 1958లో తయారైంది. ఒక కంపెనీ పతనానికి ఇదొక్కటే కారణమని నేను అనను, యుద్ధానంతర పోటీలో చిన్న కంపెనీలన్నీ నలిగిపోయాయి. కానీ నలిగే రోజున ఆదుకోవలసిన పేరు అప్పటికే ఖర్చయిపోయి ఉంది.

మన దేశంలో టైటాన్ ఈ జాగ్రత్త పాటించింది. తక్కువ ధర గడియారాలను సొనాటా పేరుతో అమ్ముతుంది, వాటి డయలు మీద టైటాన్ అని ఉండదు. జపాను సీకో ఇదే పనిని పైకి వెళ్ళేందుకు చేసింది. 1960 నుంచి గ్రాండ్ సీకో అనే మేలిరకం తయారుచేస్తూనే ఉన్నా, అందరి చేతికీ ఉండే సీకో అన్న మాట డయలు మీద ఉన్నంతకాలం విదేశాల్లో దానికి తగిన ధర రాలేదని గ్రహించి, 2017లో దాన్ని వేరే బ్రాండుగా విడదీసి ఆ మాట తీసేసింది. గడియారం నాణ్యత అంతకుముందు తక్కువేమీ కాదు.

అయితే వ్యతిరేక ఉదాహరణ దాచిపెట్టడం న్యాయం కాదు. ఫ్రెంచి ఆభరణాల కంపెనీ కార్టియే 1970లలో మస్ట్ పేరుతో, బంగారం బదులు బంగారు పూత వేసిన వెండి గడియారాలు చాలా తక్కువ ధరకు అమ్మింది. పేరు మార్చలేదు, కార్టియే అనే వేసింది. దాని గౌరవం పోలేదు సరికదా, 2021లో ట్యాంక్ మస్ట్ అని మళ్ళీ తెస్తే మంచి ఆదరణ దొరికింది. కారణం నాకు ఇలా తోస్తుంది: కార్టియే అమ్మేది ప్రధానంగా రూపం. 1917 నాటి ట్యాంక్ అనే గడియారం రేఖలు వెండి మీద ఉన్నా బంగారం మీద ఉన్నా ఆ అందం పూర్తిగానే ఉంటుంది. యంత్రం గొప్పతనం చెప్పి అమ్మే కంపెనీ ఆ యంత్రం లేకుండా తన ముఖాన్ని అమ్మితే, కొన్నవాడికి పైతొడుగే దక్కుతుంది.

స్వాచ్ సంగతిని మాత్రం కొంచెం గౌరవంతో చూడమని కోరుతున్నాను. 1969 డిసెంబరు 25న సీకో క్వార్ట్జ్ గడియారం విడుదల చేశాక స్విస్ పరిశ్రమ కుప్పకూలింది. 1970లో 90,000 మంది ఉన్న కార్మికులు 1980ల మధ్యకు 30,000 పైచిలుకుకు పడిపోయారు. ఊళ్ళకు ఊళ్ళు పని లేక నిలిచిపోయాయి. 1983లో ఒమేగా ఉన్న సమూహాన్ని మరో సమూహంతో కలిపి నిలబెట్టినప్పుడు, అదే ఏడాది వచ్చిన ప్లాస్టిక్కు స్వాచ్ తెచ్చిన అమ్మకాలు ఆ సంస్థకు ఊపిరి పోశాయి. ఈనాడు ఒమేగా ఉన్నదంటే అందులో ఆ చౌక గడియారానికి వాటా ఉంది. అందుచేత చౌకను అవమానంగా చూడవద్దు, కానీ పేరును ఎవరికి అరువిస్తున్నారో తప్పక చూడండి.

మంగళగిరి మగ్గం:

అధ్యాపకులు గారి మాటల్లో చాలా భాగం ఒప్పుకుంటాను గానీ, "వేరే పేరు పెట్టుకుంటే సరిపోతుంది" అన్నంత సులువుగా నాకు కనిపించడం లేదు. మాది నేత కుటుంబం. మంగళగిరి చీర అంటే ఒంటి నిండా బుటాలు ఉండవు, సాదా నేతకు జరీ అంచు, అంతే. ఆ సాదాతనంలోనే దాని గొప్పతనం ఉంది. చీరలకు గిరాకీ తగ్గిన రోజుల్లో మా నాన్నగారు అదే నూలుతో, అదే గుంట మగ్గం మీద చుడీదారు గుడ్డ నేయడం మొదలుపెట్టారు. చీర కొనలేని ఆడపిల్లలు దాన్ని కొన్నారు. మంగళగిరి పేరుతోనే అమ్మాం. దానివల్ల చీర గౌరవం తగ్గలేదు. ఆ గుడ్డ కట్టిన పిల్లలే ఉద్యోగాలు వచ్చాక చీరల కోసం వెతుక్కుంటూ వచ్చారు.

నష్టం జరిగింది మరో చోట. మరమగ్గాల మీద నేసిన గుడ్డకు మంగళగిరి అంచులాంటి అంచు వేసి మంగళగిరి పేరుతో అమ్మినప్పుడు. కొన్ని రకాలను చేనేతకే కేటాయించేందుకు 1985లో చట్టం వచ్చింది, మంగళగిరికి భౌగోళిక గుర్తింపూ ఉంది, అయినా ఆ పని ఆగలేదు. ఇక్కడ తేడా ధరలో లేదు. మా నాన్నగారి చౌక గుడ్డలో చీర నేసిన చేతులే ఉన్నాయి, మరమగ్గం గుడ్డలో ఆ చేతులు లేవు. గడియారానికీ ఇదే చూడమంటాను: ఏ పనితనం వల్ల ఆ పేరు వచ్చిందో ఆ పనితనం చౌక రకంలో కొంచెమైనా ఉన్నదా? ఉంటే ఒకే పేరు పెట్టినా దోషం లేదు.

ఇంకొక మాట. పటమటవాసి గారూ, మీకు కలిగిన బాధను ఇక్కడ అందరూ మెల్లగా పక్కన పెడుతున్నారు, అది నాకు నచ్చలేదు. మీరు కొన్నది ఇనుమూ చక్రాలూ మాత్రమే కాదు. ఇన్నేళ్ళ కష్టం తరువాత ఇది నాకు దక్కింది అన్న సంతృప్తిని కూడా కొన్నారు, అది చూసినవారికి తెలియాలని ఆశించడం తప్పు కాదు. మా అమ్మ తన పట్టుచీర కట్టుకుని పెళ్ళికి వెళ్ళినప్పుడు ఎవరైనా "ఇది చేనేతేనా, మిల్లుదా?" అని అడిగితే ఆమె ముఖం ఎలా మారుతుందో నేను చూశాను. ఆ నష్టం కంపెనీ లెక్కల పుస్తకంలో రాదు గానీ, జరగలేదని చెప్పకండి.

బందరు రోడ్డు కుర్రవాడు:

నమస్కారం అండీ. నా వయసు 26. పైన చెప్పిన ఒమేగా, స్వాచ్ గడియారాల్లో ఒకటి నా దగ్గర ఉంది, దుబాయిలో ఉంటున్న మా అన్నయ్య పంపించాడు. మీ బంధువుల అబ్బాయి తరఫున మాట్లాడుతున్నాననుకోండి. అది చేతికి వచ్చేవరకు నాకు గడియారమంటే ఫోనులో చూసుకునే సమయమే. దాన్ని పెట్టుకున్నాక అసలు చంద్రుడి మీదకు వెళ్ళిన గడియారం ఏమిటో చదివాను, కీ ఇచ్చే మిషను ఎలా నడుస్తుందో తెలుసుకున్నాను, మా తాతగారి ఆగిపోయిన వాచీని బాగుచేయించాను. టాగ్ హాయర్ 1986లో ఫార్ములా 1 అనే రంగురంగుల చౌక గడియారం తెచ్చినప్పుడు కూడా ఎంతో మందికి అదే మొదటి స్విస్ గడియారం అయిందని చదివాను. ఆ అబ్బాయి మిమ్మల్ని అడిగినప్పుడు తక్కువ చేయలేదు. తనకు ఇష్టమైన వస్తువు పెద్దవారి చేతికి కనిపించిందని సంతోషించాడు. మీరు ఆ క్షణంలో గడియారం విప్పి వాడి చేతిలో పెట్టి, కీ తిప్పి చూడమని ఉంటే, తేడా వాడికి జీవితాంతం గుర్తుండేది.

నిజాయతీగా ఒక సంగతి ఒప్పుకోవాలి. నేను ఇంకా ఖరీదైనది కొనలేదు. ఎప్పటికైనా కొంటానో లేదో చెప్పలేను. చౌక గడియారం కొన్నవారందరూ రేపు పైమెట్టు ఎక్కుతారని కంపెనీలు పెట్టుకున్న ఆశ నా విషయంలో ఇంకా తేలలేదు.

పటమటవాసి (విజయవాడ):

అందరికీ కృతజ్ఞతలు. మంగళగిరి అమ్మాయి గారి మాటలు చదివి కొంతసేపు రాయలేకపోయాను. బందరు రోడ్డు అబ్బాయి చెప్పినట్టు మా వాడిని ఆదివారం ఇంటికి భోజనానికి పిలిచాను, గడియారం వాడి చేతికి ఇస్తాను.

అల్లుడి విషయంలో నా మొగ్గు ట్యూడర్ వైపు వెళుతోంది. అల్లుడికి "తక్కువ పేరు" పెట్టామని వియ్యాలవారు అనుకుంటారేమోనన్న సంకోచం మా ఇంట్లో ఉంది. మరి ఇప్పటికీ దాని లోపల బయటి మిషనే ఉంటుందా? స్విట్జర్లాండుతో మన దేశం చేసుకున్న వాణిజ్య ఒప్పందం వల్ల దిగుమతి సుంకాలు తగ్గుతున్నాయి కదా, కొంతకాలం ఆగితే మంచిదా?

గవర్నరుపేట మెకానిక్:

2015 నుంచి ట్యూడర్ తన సొంత మిషన్లు తెస్తోంది. అన్ని రకాల్లోనూ ఒకే మిషను ఉండదు గనుక, మీరు చూసిన మోడలులో ఏది ఉన్నదో దుకాణంలో అడిగి బిల్లు మీదా వారంటీ కార్డు మీదా మోడలు సంఖ్య రాయించుకోండి. సుంకం సంగతి, స్విట్జర్లాండు ఉన్న నాలుగు దేశాల కూటమితో ఒప్పందం 2025 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చింది గానీ, గడియారాల మీద సుంకం ఒక్కసారిగా పోదు, ఏటా కొంచెం కొంచెంగా తగ్గుతుంది. దాని కోసం పెళ్ళి ముహూర్తం దాటించుకోనవసరం లేదు. వియ్యాలవారి సంగతికి నేను సలహా చెప్పేవాడిని కాదు. కానీ పెళ్ళికొడుకుకు పెట్టే ముందు ఒకసారి మా దుకాణానికి తీసుకురండి, మూత తీయకుండానే, మీటరు మీద పెట్టి రోజుకు ఎన్ని సెకన్లు ముందుకో వెనక్కో పోతున్నదో చూసి చీటీ రాసి ఇస్తాను. మీ హెచ్.ఎం.టి. కూడా వెంట తెచ్చుకోండి. నూనె వేసి ఎన్నేళ్ళయిందో మీరు చెప్పలేదు.

పటమటవాసి (విజయవాడ):

పదకొండేళ్ళు అయింది. రెండూ తీసుకుని వస్తాను.